పిడి మార్చొద్దు

పదమూడో కారవాను.
అంఘరా తుక్కుబజార్లో మూడేళ్ళు ఎండినాక
పైరంగు సున్నంలాగా వేలికి అంటుకుంటా ఉండె.
అబూ నాసర్ మూడొందల యాభై దినార్లు పోసి తెచ్చినాడు.
"ఓబులేసూ, ఎంతొస్తాది?"
జవాబు చెప్పకుండా బండి కిందికి దూరినా.

ధర పైన ఉండదు.
ఇరుసు కాడ ఉంటాది, నేలచెక్క మూలల్లో ఉంటాది.
స్క్రూడ్రైవరు మొనతో పొడిస్తే
టక్కుమంటే ఒక లెక్క,
పాత రస్కు మాదిరి పొడి రాలితే ఇంకో లెక్క.
రాలింది. ఎడమ పక్క, కిటికీ కింద.
ఎడారిలో చెక్కెట్ల కుళ్ళింది అంటారేమో,
ఇది పుట్టింది వానలు పడే దేశంలో.
తడి ఎప్పుడో ఆరిపోయింది,
కుళ్ళు మాత్రం ఓడెక్కి వచ్చింది.

చెక్క మార్చొచ్చు, ఎవురికీ కనపడదు.
టైర్లు మార్చాల. వాటిమీద పుట్టిన వారం, సంవత్సరం
ముద్రేసి ఉంటాది,
కొనేటోడు మోకాళ్ళ మీద కూచోని మరీ చదువుతాడు.
కిటికీ పిడి మాత్రం మార్చొద్దు.
ఎన్ని చేతులకు అరిగిందో ఆ ఇత్తడి,
దాన్ని పీకి కొత్తది బిగిస్తే
నూటయాభై దినార్లు దాంతోపాటే పోతాయి.

ఇది తెలిసేదానికి నాకు రెండు బండ్లు పట్టింది.
మొదటి రెండిట్నీ బస్టాండు హోటల్లో
స్టీలు గ్లాసుల మాదిరి తోమి పెట్టినా.
అబూ నాసర్ తల పట్టుకున్నాడు.
"కొత్తది కావాలనుకునేవాడు కొత్తదే కొనుక్కుంటాడు గదా!
పాతగానే ఉండాల.
కారకూడదు, కంపు కొట్టకూడదు, కదిలితే మోత రాకూడదు."
అట్లాంటి ముసలితనం నాకూ కావాల సేఠూ,
అనుకున్నా, అనలేదు.

బీరువా తలుపు లోపల పెన్సిలు గీతలు.
ఏడు. ఒక్కోదాని పక్క ఒక్కో అంకె.
ఎవురి పిల్లోడో, ఏటేటా ఇంతింత పొడుగయినాడు.
ఏడో గీత తర్వాత
పెరిగేది మానేసినాడో, వచ్చేది మానేసినాడో.
గుల్ జమాన్ గరుకు కాగితం తెచ్చి చేతిలో పెట్టినాడు.
నేను గీకలా.
"ఒరిజినల్" అన్నా వానితో. "పిడి లెక్కనే."

నవంబరు గుడారాల కాలం మొదలవుతానే
జహ్రా నుంచి ఒకాయన వచ్చినాడు.
టైర్లు చదివినాడు, పిడి తిప్పి చూసి నవ్వినాడు,
నా కొత్త చెక్క మీద మడమతో తన్ని తలాడించినాడు.
ఫోన్ లైటు బీరువాలోకి పోయింది.
"ఇదేంది? పిల్లోళ్ళు వాడేసిన బండా?"
పదిహేను వందలు పద్నాలుగు వందల యాభై అయింది.
ఆ తగ్గిన యాభై ఎవురి జీతంలోంచి పోయిందో
వేరే చెప్పాల్నా.

నా అకామా ఈ నెలాఖరుకు అయిపోతాది.
అబూ నాసర్ కాగితం మీద రాసుకుంటా ఉన్నాడు,
ఫీజు ఇంత, ఆస్పత్రి పరీక్ష ఇంత,
ఇంకెన్నేళ్ళు పనికొస్తాడు.
నన్నూ కారవానునూ ఒక గాటన కట్టొద్దు.
నా మోకాలిచిప్ప మీద ఏ ముద్రా లేదు.
పాస్‌పోర్టులో తేదీ గూడా
సుండుపల్లి బళ్ళో అయ్యవారు అందాజుగా రాసిందే.
పైగా దానికి ఏటికేడు ధర ఎక్కుతాది.

ఇప్పుడు పద్నాలుగోది. ఈ పొద్దు నీళ్ళ పరీక్ష.
గుల్ జమాన్ నిచ్చెనెక్కి పైకప్పు మీద పైపు వదిలినాడు.
లోపల తలుపేసుకోని, టార్చి పట్టుకోని,
వెల్లకిలా పడుకోని అతుకులు చూస్తా ఉన్నా.
రేకు మీద నీళ్ళు.
సుండుపల్లిలో గూడా ఇంత వాన
ఏ ఏడు చూసినానో గుర్తులేదు.

"బస్సా?" అని అరిచినాడు పైనుంచి.
ఒక్క అతుకూ కారలేదు,
చూసి చానాసేపయింది.
"ఇంకొంచెం కొట్టు" అన్నా.